రంగు కలిసిన తలుపు

"ఎంత పని చేశావమ్మాయ్! గేటు స్తంభం నిన్నో మొన్నో పుట్టిందా, కనబడకపోవడానికి?"

అత్తగారి కేక విని ఆవిడ కొడుకు పరుగెత్తుకొచ్చాడు. కోడలు ఇంకా స్టీరింగు పట్టుకునే ఉంది. నెమలికంఠం రంగు కారు... ఎడమ తలుపు నిండా సొట్ట, దాని పొడుగునా రంగు లేచిపోయిన గీత!

"పోనీలే, నీకేం కాలేదు కదా," అన్నాడు భర్త. "మామయ్య షెడ్డు ఉండగా మనకి దిగులేంటి? రేపు పొద్దున్నే తీసుకెళ్తా."

ఆమెకి తండ్రి షెడ్డు కళ్ళ ముందు మెదిలింది. రేకుల కప్పు, గ్రీజుతో నల్లబడిన నేల, రంగు మరకల చొక్కాతో వంగి సొట్టలు తీసే నాన్న... పెళ్ళయిన కొత్తలో ఆడపడుచు అన్న మాట కూడా గుర్తొచ్చింది. "వదినా, మీ నాన్నగారికి షేక్‌హ్యాండ్ ఇస్తే మన చెయ్యి ఏ రంగులోకి తిరుగుతుందో!" ఇంటిల్లిపాదీ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వే ఇన్నాళ్ళుగా ముల్లులా గుచ్చుకుంటోంది.

"వద్దండీ! నాన్నకి ఈమధ్య కళ్ళు సరిగా కనబడటం లేదు. రంగు కలపలేకపోతున్నారు," అంది గబగబా.

అబద్ధం! రెండు నీలాల మధ్య వెంట్రుకవాసి తేడాని పట్టే కళ్ళవి. కలిపిన రంగు చుక్కని ఎడమ బొటనవేలి గోటి మీద వేసుకుని, కారుకి ఆనించి ఎండలో చూడటం ఆయన అలవాటు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆ గోరు చూసి, ఇవాళ షెడ్డుకి ఏ కారు వచ్చిందో చెప్పేసేది తను. ఒక్కసారీ తప్పలేదు!

"అయ్యో పాపం, అన్నయ్యగారికి ఎంత కష్టం వచ్చింది!" అని అత్తగారు నొచ్చుకుంది. ఆ జాలి చెంపదెబ్బలా తగిలింది.

మర్నాడు ముగ్గురూ కలిసి తిరిగారు. మొదటి షెడ్డువాడు తలుపే మార్చాలన్నాడు. రెండోవాడు సొట్టని పుట్టీతో పూడ్చేసి సాయంత్రానికల్లా రంగు వేసి ఇస్తానన్నాడు. "సాయంత్రం ఇస్తావు సరే, తెల్లారేదాకా ఉంటుందా నాయనా?" అంది అత్తగారు. చివరికి అద్దాల గోడలు, చల్లటి గది, కూర్చోగానే కాఫీ ఇచ్చే పెద్ద వర్క్‌షాపుని కోడలే ఎంచుకుంది.

"ఇక్కడ రంగు మిషనే కలుపుతుందట అత్తయ్యా!"

వారం తర్వాత అత్తాకోడళ్ళు కారు కోసం వెళ్ళారు. "సొట్ట జాడ కనిపెట్టండి చూద్దాం!" అన్నాడు మేనేజరు. అత్తగారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. "మిషను భలే కలిపిందే!"

"మిషను రెండుసార్లు కలిపినా కుదరలేదండీ. మీ నీలం ఎండకి వెలిసిపోయింది, దానికేం తెలుసు? ఇలాంటి మొండి రంగులొస్తే మేమొక పెద్దాయన్ని పిలిపిస్తాం. అదిగో..."

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న మనిషి గబుక్కున గోడవైపు తిరిగాడు. ఎడమ బొటనవేలి గోరు మాత్రం కనిపించింది. నెమలికంఠం రంగు!

నాన్న! తనని చూశాడు. చూసి... పలకరించే ఇబ్బంది కూతురికి లేకుండా ముఖం చాటేశాడు! పిలవాలి. కానీ సిగ్గులేని కాళ్ళు ఒక అడుగు కారువైపే వేశాయి.

"అన్నయ్యగారూ! మీరా!" అత్తగారు ఆనవాలు పట్టేసింది. "మీకు కళ్ళు కనబడటం లేదని అమ్మాయి చెప్పిందే!"

మేనేజరు ముఖం మారిపోయింది. "కళ్ళు కనబడవా? ఆ మాట మాతో అనలేదేం పెద్దాయనా? కళ్ళని నమ్మే కదా మిమ్మల్ని పిలిచేది!"

తండ్రి ఒక్క క్షణం కూతురి వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"నిజమేనమ్మా... చూపు తగ్గింది. ఈ తలుపేదో అదృష్టం కొద్దీ కుదిరింది. ఇకమీదట రానులెండి బాబూ."

"అబద్ధం!" అని కేక వేసింది ఆమె. "నాన్న కళ్ళు బాగానే ఉన్నాయి అత్తయ్యా! ఆయన షెడ్డు మీ కంట పడకూడదని... నేనే... నేనే ఆయన్ని గుడ్డివాణ్ణి చేశాను!"

"ఊరుకో పిచ్చితల్లీ, నలుగురిలో ఏడుస్తారా?" కన్నీళ్ళు తుడవబోయి, రంగు అంటుతుందని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతినే లాక్కుని చెంపకి ఆనించుకుంది.

"ఆ రోజు మా పిల్ల వెక్కిరిస్తే నేనూ నవ్వాను అన్నయ్యగారూ," అంది అత్తగారు. "ఆదివారం దాన్ని మీ షెడ్డుకి వెంటబెట్టుకొస్తాను. చెయ్యి ఏ రంగులోకి తిరుగుతుందో అదీ చూస్తుంది."

మేనేజరు "ఈసారి పిలిచినప్పుడు తప్పకుండా రండి," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె ఆ తలుపు ముందు నిలబడింది. ఎండలో అటు నుంచీ ఇటు నుంచీ చూసింది. సొట్ట జాడ ఎక్కడా లేదు. ఎవరూ కనిపెట్టలేరు... తనకి మాత్రం అది ఎక్కడుందో తెలుసు.