వెనక్కి నడిచిన ఏరు

ఆ మలుపు మంచిది కాదని తెప్పలవాళ్ళంతా అంటారు. కొండల్లో బండల మీద గంతులేసిన ఏరు, చేల మధ్యకొచ్చి ఒళ్ళు విరుచుకుని, పెద్దనదిలో కలవబోతూ అక్కడ ఒక్కసారి ఊపిరి బిగబట్టుకుంటుంది. చీకటి పడ్డాక అక్కడ ఒకామె తెప్పల్ని పట్టుకుంటుందట. ఎప్పుడో ఆమె మొగుడు పోట్లాడి తెప్పెక్కి, మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పట్నుంచీ, ఇంట్లో పోట్లాడి వచ్చిన మగాడెవడైనా సరే... ఎగువకి తోలేస్తుందట.

వెదురు తెప్ప దిగువకి తెస్తూ మామ ఈ కథ చెబితే, అల్లుడు నవ్వాడు. మొన్నటిదాకా దర్జీ, ఇల్లరికం వచ్చి ఇప్పుడిప్పుడే తెప్ప తోసే గడ పట్టాడు. నవ్వాడు గానీ చూపు మామ మీంచి తిప్పేసుకున్నాడు. బయల్దేరే పొద్దున పెళ్ళాంతో అన్న మాటలు మామ చెవిన పడితే – గడా పోతుంది, గూడూ పోతుంది.

రాత్రి... మలుపు వచ్చింది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

గట్టు మీద ఒక చెట్టు. ఇందాక దాటిన చెట్టే!

"మామయ్యా... తెప్ప... ఎగువకి పోతోంది."

వెనక మామ పడుకున్న దుప్పటి ముసుగు కదల్లేదు. "ఇంట్లో ఏమైనా గొడవపడ్డావా, బాబూ?" అంది మెల్లగా.

"ఛ, ఛ... నేనెందుకు..."

తెప్ప ఇంకాస్త జోరుగా జరిగింది. గడ దింపితే అడుగు అందలేదు.

"ఒప్పుకుంటే వదిలేస్తుందంటారు," దుప్పటి గుసగుసలాడింది. "గట్టిగా చెప్పు. ఆమెకి కాస్త చెముడట."

అల్లుడు కళ్ళు మూసుకుని అరిచాడు. "తల్లీ! నా పెళ్ళాంతో, 'మీ నాన్నకి చూపానదు, తెప్ప నాకిచ్చి మూల కూర్చోమను' అన్నాను!"

దుప్పటి కాస్త పైకి లేచింది.

"ఇంకేమన్నావు?"

"...ఆయన గురకకి చేపలు కూడా వలస పోతున్నాయన్నాను."

తెప్ప ఆగింది. ఊగింది. మెల్లగా దిగువకి కదిలింది.

మామ దుప్పటి తన్నేసి పగలబడి నవ్వాడు. "ఓరి దర్జీ! పెద్దనదికి వరదొస్తే మన ఏటికి దారి దొరక్క నీళ్ళు వెనక్కి తంతాయి. అది తగ్గగానే మామూలే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అమ్మాయి ఏడ్చింది గానీ ఎందుకో చెప్పలేదు. మరి నాకెలా తెలియాలి?"

అల్లుడు తలెత్తలేదు. గడ తీసి ఆయన ముందు పెట్టాడు.

"పట్టుకో, పట్టుకో," అన్నాడు మామ. "చూపు సంగతి నిజమేలే. గురక మాత్రం అబద్ధం."

తెల్లారేసరికి కలిసేచోటు చేరారు.

పెద్దనది దూరంగా, ఇసుకలో సన్నటి పాయలా మెరుస్తోంది. కొంగలు తీరిగ్గా అడ్డంగా నడిచిపోతున్నాయి. వరద లేదు. వచ్చిపోయిన తడి కూడా లేదు...

మామ చాలాసేపు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అల్లుడూ..." గొంతు తగ్గించాడు. "బయల్దేరే ముందు మీ అత్తయ్యతో నేనూ ఓ మాట... సర్లే. వెదురు తొందరగా దింపు. ఇంటికి పోదాం."