ఓడ అడుగున రొట్టెల అర

ఆ ఓడ మీద మిగతా చోట్లన్నీ మంచివేనట. అడుగున ఉన్న రొట్టెల అర ఒక్కటే పాడు చోటు. పొద్దు వాలాక అందులోకి దిగమంటే, ఆరడుగుల టెక్సస్ మగాళ్ళు కూడా ఫోన్ మోగినట్టు నటించి పక్కకి తప్పుకునేవాళ్ళు.

హ్యూస్టన్‌కి గంట దూరంలో, రేవులో కట్టేసి ఉంటుంది. ఇంగ్లండుని ఎనిమిదో హెన్రీ ఏలిన కాలంనాటి యుద్ధనౌకకి నకలు. నకలు నకల్లా ఉంటే సరిపోయేది. కట్టినవాళ్ళు ముచ్చటపడి, ఎక్కడో సముద్రం అడుగునుంచి తీసిన నిజం ఓడ దూలాలు నాలుగు తెచ్చి, సరిగ్గా ఆ అరకే బిగించారు. చచ్చినవాళ్ళ ఇంటి వాసాలు తెచ్చి మనింటికి వేసుకుంటామా? వీళ్ళు వేసుకున్నారు. పైగా చూడ్డానికి టికెట్టు!

అప్పట్నించీ రాత్రిళ్ళు లోపల ఎవరో తడతారట. టక్... టక్. రెండే సార్లు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ — టక్... టక్.

పూజిత ఇవేవీ నమ్మే రకం కాదు. అక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. కంప్యూటర్లు కాదు, చరిత్ర — ఆ ముక్క వాళ్ళమ్మ చుట్టాలకి ఇంకా చెప్పలేదు. ఆనాటి నావికులకి తిండి ఎలా పంపేవాళ్ళు, అది ఎన్నాళ్ళకి ఎలా చెడేది అన్నది ఆమె ప్రాజెక్టు. అప్పటి పద్ధతిలోనే మాంసం ఉప్పులో వేసి పీపాలకెత్తింది. చేపలు ఎండబెట్టింది. గోధుమపిండీ నీళ్ళూ తప్ప ఏమీ లేని గట్టిరొట్టెలు కాల్చి గోనెసంచుల్లో నింపింది. అన్నీ ఆ అరలో పెట్టి, అవి ఎప్పుడు కుళ్ళుతాయా అని కాచుక్కూచుంది. పప్పూ పెరుగూ తప్ప ముట్టని ఇంటి పిల్ల, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆకుపచ్చగా జిగురు కారే మాంసం ముక్కలు తిరగేస్తూ... చదువంటే అదీ.

ఆ రొట్టెలు ఇటుకలే. ఆమె గైడు సరదాకి ఒకటి కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడు. ముక్కుపురుగులకి మాత్రం పళ్ళక్కర్లేదుగా, హాయిగా కాపురం పెట్టేశాయి.

ఆ రోజుల్లో ఓడలకి తిండి పంపడమంటే మహా యంత్రాంగం. మనిషికి ఇంత రొట్టె, ఇంత బీరు, కొన్నాళ్ళు మాంసం, కొన్నాళ్ళు ఎండుచేప — కాగితం మీద కళ్ళకద్దుకునేట్టే ఉండేది. సరుకు చూస్తే... థూ! పీపాలో పైవరస మంచి మాంసం, కింద ఎముకలూ చీమూ. బూజు పట్టిన రొట్టె మళ్ళీ పొయ్యిలో పెట్టి, కొత్తదని అంటగట్టడం. హెన్రీ కూతురు ఏలేనాటికీ అదే తంతు — స్పెయిన్ నౌకల్ని తరిమి గెలిచొచ్చిన మనుషులు పులిసిన బీరు తాగి, వాంతులతో విరేచనాలతో ఒడ్డున పడి పోయారు. ఆ తిండి పంపిన కంట్రాక్టరు మాత్రం ఇంట్లో వేడివేడి కోడిమాంసం నవుల్తూ కూచున్నాడు. వాడు దెయ్యమవడు చూడండి. కడుపు నిండినవాడు ఎప్పుడూ అవడు.

సరే. పూజిత సరుకు తగ్గడం మొదలైంది. మొదట చేపలు. తర్వాత రొట్టెలు. ఎలకలైతే గోనె కొరకాలి — సంచి మూతి విప్పి, మళ్ళీ కట్టి ఉంది. గైడు తేల్చి చెప్పేశాడు: "ఇంకొక్కటి పోయినా ప్రయోగం ఆపేద్దాం." ప్రయోగం ఆగితే స్టైపెండ్ ఆగుతుంది. అది ఆగితే ఫీజు లేదు, ఫీజు లేకపోతే వీసా లేదు. సూట్‌కేసు సర్దుకోవడమే.

దొంగని పట్టుకోడానికి ఆ రాత్రి ఒక్కతే దిగింది.

రేవు మెట్ల దగ్గర గది ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సింది రాత్రి కాపలా కోటేశ్వరరావు. బందరు మనిషి, కొడుకు దగ్గరికొచ్చి, ఊరికే కూచోలేక ఈ ఉద్యోగంలో చేరాడు. పూజిత పిలిచింది. పలకలేదు.

ఫోన్ లైటు వేసుకుని కిందికి దిగింది. ఒక మెట్ల వరస... ఇంకొకటి... తల వంచింది.

వాసన కొట్టింది.

అది మాంసం వాసన కాదు, దాన్ని ఆమె ముక్కు ఎప్పుడో ఒప్పుకుంది. ఇది ఇంకోటి — పుల్లగా, ఉప్పగా, శవం కాల్తున్నట్టు. నోరు నొక్కుకుంది.

టక్... టక్.

లైటు అటు తిప్పింది. ఎవరూ లేరు. ఆ పాత దూలం పక్కన బల్ల. బల్ల అంచున నల్లగా చిన్న కుప్ప. దగ్గరికి వంగింది...

పురుగులు. ముక్కుపురుగులు, గుప్పెడు. కుప్ప ఇంకా కదుల్తోంది.

ఎలా పైకొచ్చిందో ఆమెకే తెలీదు. పైన వాసన ఇంకా ఎక్కువైంది. వంటగది వెనకనుంచి సన్నగా పొగ. పొగలో ఒక ఆకారం, గొంతుక్కూచుని... చప్పరిస్తోంది.

"ఎవరది?"

"అయ్యో తల్లీ, నువ్వా!" ఆకారం ఉలిక్కిపడింది. "నేనేనమ్మా, కోటేశ్వరరావుని... అరవకు."

ముందు చిన్న రైస్ కుక్కర్. అందులో చింతపండు పులుసు ఉడుకుతోంది. పులుసులో — ఆమె చేపలు.

"అంకుల్! ఎనిమిదో హెన్రీ చేపలు పులుసు పెట్టుకున్నారా?"

"ఏ హెన్రీ అయితే ఏంటమ్మాయ్, ఎండుచేప ఎండుచేపే," అన్నాడు గుసగుసగా. "ఇంట్లో వండితే అపార్ట్‌మెంట్ మొత్తం అలారం మోగింది. కోడలు కాళ్ళు పట్టుకుంది. మూడేళ్ళైంది నాలిక్కి తగిలి... కింద వాసన రాగానే ఆగలేకపోయాను."

పూజిత అక్కడే కూలబడి నవ్వింది. శవం కాలిన వాసనట! పెరుగన్నం ముక్కు ఏం చెప్తుంది పాపం.

"నా చదువు పోయేది, తెలుసా?"

"పోనివ్వను. పొద్దున్నే మీ గైడుకి నేనే చెప్తా. ఉద్యోగం తీసేస్తే తీసేయనీ."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "చేపలు సరే. రొట్టె బల్లకేసి రెండుసార్లు కొట్టి, పురుగులు దులిపి తినడం ఆనాటి నావికుల అలవాటు. పుస్తకాల్లో చదివాను. మీకెవరు చెప్పారంకుల్?"

కోటేశ్వరరావు గరిటె ఆపాడు.

"రొట్టెలా?"

"కింద బల్ల మీద కుప్ప చూశానుగా."

"చేపలు నేనే తిన్నా, ఒప్పుకుంటా. రొట్టెలు నా నెత్తిన వెయ్యకమ్మా..." అంటూ చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచాడు. అందులో కట్టుడుపళ్ళు. ఆపైన నోరు తెరిచి చూపించాడు. ఎర్రటి చిగుళ్ళు. ఒక్క పన్ను లేదు.

కుక్కర్ ఒక్కటే కుతకుతలాడుతోంది.

కాళ్ళ కిందనుంచి — టక్... టక్.

తర్వాత... కరక్.