రేపటికి ఇంకాస్త మెరుగు

ఆదివారం కావడంతో కాకినాడ శీతశాల కిటకిటలాడుతోంది. బయట ఎండ మండిపోతున్నా లోపలికి వచ్చేవాళ్లంతా స్వెటర్లు తొడుక్కున్నారు. బారులు తీరిన శీతశయ్యల పక్కన కూర్చుని, నిద్రపోతున్న తమవాళ్లకు వారం కబుర్లన్నీ చెబుతున్నారు. ఒకావిడ భర్త శయ్య మీద కేకు పెట్టి పుట్టినరోజు పాట పాడుతోంది.

సలోమి మాత్రం కూర్చోలేదు. మూడేళ్ల కూతురు ప్రిస్సీని చంకనెత్తుకుని నేరుగా డాక్టర్ తేజోవతి గదిలోకి వెళ్లింది.

“మా ఆయన్ని ఇవాళ లేపండి మేడమ్.”

డాక్టర్ కంప్యూటర్ తెర వంక చూసింది. “ఉష్ణనిర్ణేత రేపు చూద్దామంటోందమ్మా. రేపటికి జెకర్యాగారు కోలుకునే అవకాశం ఇంకాస్త మెరుగుపడుతుందట.”

“నిన్నా అదే అన్నారు. ఈ పిల్ల నా కడుపులో ఉన్నప్పుడూ అదే అన్నారు. ఆ యంత్రం ఎప్పుడైనా, ఎవరికైనా ‘ఇవాళ’ అని చెప్పిందాండీ?”

తేజోవతి తెర మీది అంకెల్ని మరోసారి పైకీ కిందికీ జరిపింది.

గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న మనిషికి మెదడు దెబ్బతినకుండా ఒళ్లు చల్లబరచడం పాత వైద్యమే. పూర్వం ఒకటి రెండు రోజులు అలా ఉంచి, మెల్లగా వెచ్చబరిచేవారు. అంతకు మించితే చలితోనే ప్రమాదం. శీతశయ్యలు వచ్చాక ఆ ప్రమాదం పోయింది. ఎన్నాళ్లుంచినా ఒంటికి హాని లేదు సరికదా, లోపలి గాయం గోరంత గోరంతగా మానుతూనే ఉంటుంది. వెచ్చబరిచే రోజును తేల్చే పని ఉష్ణనిర్ణేతకు అప్పగించి, అవకాశం అన్నిటికన్నా మెరుగ్గా ఉన్న రోజును ఎంచుకోమన్నారు. ఏ రోజు చూసినా మర్నాడే కాస్త మెరుగు. యంత్రం పొరపాటేమీ చేయడం లేదు. చెప్పినట్టే చేస్తోంది. శీతశాలలో ఎవరూ చనిపోవడం లేదు. ఎవరూ లేవడమూ లేదు. గోడల మీద పెద్ద అక్షరాలతో రాసింది మాత్రం మొదటి సంగతే.

“ఆగితే నష్టమేముందమ్మా?” అంది తేజోవతి అనునయంగా. “ఆయనకి నొప్పి తెలీదు. వయసు పెరగదు.”

“నష్టం లేదా? ఎవరికి లేదండీ?” సలోమి గొంతు హాల్లోకి వినిపించింది. “ఏడవబోతే, బతికే ఉన్నాడుగా ఎందుకేడుస్తావంటారు. నవ్వితే, మొగుడక్కడ పడుంటే నవ్వెలా వస్తుందే అంటారు. చర్చిలో నాకోసం ఏమని ప్రార్థన చెయ్యాలో పాస్టరుగారికే తెలీడం లేదు. మనిషిని నాకివ్వరు, శవాన్నీ ఇవ్వరు. రేపు, రేపు అని నా బతుకంతా ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. ఇవేవీ మీ యంత్రం లెక్కలోకి రావా?”

పుట్టినరోజు పాట ఆగిపోయింది. హాల్లోవాళ్లు ఒక్కొక్కరే లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు.

“సొంతవాళ్లు పట్టుబడితే కాదనే హక్కు నాకు లేదు,” అంది తేజోవతి చివరికి. “కానీ ఇప్పుడు వెచ్చబరిస్తే ఆయన లేవకపోవచ్చు. జరగరానిది జరిగితే...”

“జరిగితే ఏడుస్తానండీ. కనీసం నన్ను ఏడవనివ్వండి.”

వెచ్చబరచడం నిదానంగా సాగింది. పెదవుల నీలం తగ్గింది. వేళ్లు కదిలాయి. శీతశయ్య మీంచి పక్కనే ఉన్న మామూలు మంచం మీదికి మార్చారు. మర్నాడు మధ్యాహ్నం జెకర్యా కళ్లు తెరిచాడు.

“సలోమీ, జెట్టీ మీద పడిపోయాను కదూ? లాంచీ వెళ్లిపోయిందా?”

తేజోవతి ముఖం విప్పారింది. “మాట పోలేదు, జ్ఞాపకం పోలేదు. పూర్తి విజయం!”

జెకర్యా చూపు భార్య పొట్ట మీద పడింది. ఒక్కసారిగా లేవబోయాడు. “బిడ్డేదీ? బిడ్డకేమైందే?”

“ఏం కాలేదయ్యా. ఇదుగో, నీ కూతురే,” అంటూ సలోమి వెనక దాక్కున్న ప్రిస్సీని ముందుకు తెచ్చింది.

అతను నమ్మలేనట్టు చూసి, వెచ్చబడిన చేత్తో పిల్ల చెంప తాకాడు. ప్రిస్సీ కెవ్వుమని వెనక్కి గెంతింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లకు తెలిసిన తండ్రి చెయ్యి రాయిలా చల్లగా, కదలకుండా ఉండేది.

“ఈయన నాన్న కాదు! నాన్న చల్లగా ఉంటాడు. నాన్నేడమ్మా? నాన్ననేం చేశారు?”

“మీ నాన్నేనే తల్లీ,” అని సలోమి ఎంత చెప్పినా పిల్ల వినలేదు. ఖాళీ అయిన శయ్యను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

జెకర్యా చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు. “పోనీలే, భయపెట్టకు. నన్ను అంకుల్ అని పిలవమను,” అన్నాడు. గుమ్మం వైపు చూసి, “అమ్మేదీ? ఈపాటికి పరిగెత్తుకొచ్చేదే. కబురు పెట్టలేదా?” అని అడిగాడు.

సలోమి పళ్లు బిగించింది. అత్తగారు కొడుకు లేస్తాడని రోజూ ఈ హాలుకు వచ్చి, రేపటికి మెరుగు అన్న మాటే వింటూ, కిందటి వేసవిలో కన్నుమూసింది. కొడుకు లేకుండానే ఆమెను సమాధి చేశారు.

“ఇది నేను చెప్పను,” అంటూ సలోమి డాక్టర్ వైపు తిరిగింది. ఆమె కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. “మీరే చెప్పండి మేడమ్. నా ముందే, ఈయనకి చెప్పండి.”

తేజోవతి మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. శీతశాలలో చేరినప్పటి నుంచి ఒక్కరికీ చావు కబురు చెప్పే అవసరం ఆమెకు రాలేదు. కూర్చోవాలో, నిలబడే చెప్పాలో, అతని చెయ్యి పట్టుకోవాలో వద్దో తెలియలేదు. తడబడుతూ శయ్య పక్కనున్న ఉష్ణనిర్ణేత తెర వంక చూసింది. అందులో ఏమీ లేదు.

“చెప్పండి,” అంది సలోమి.