మూగరేవు వంతు

మూగరేవులో రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. ఒకసారి పిలిచినా, రెండుసార్లు పిలిచినా నోరు మెదపకూడదు. మూడోసారి కూడా పిలిస్తే మనిషి… పిలవకపోతే అది. పాలెంలో పిల్లాజెల్లాకి కూడా తెలిసిన సంగతే ఇది. సముద్రపు పోటు మడ అడవిలోకి ఎక్కే పాయ మొగలో ఉంది ఆ రేవు. పొద్దుగూకాక అటు వెళ్లడానికి దొంగచాటుగా చెట్లు నరికేవాళ్లు కూడా జంకేవాళ్లు.

నిజం చెప్పుకోవాలంటే ఆ దెయ్యాన్ని పుట్టించింది పాలెంలోని ముసలి సంపూర్ణమ్మే. నరికేవాళ్లకి చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఓ రాత్రి తెల్లచీర కట్టుకుని రేవులో నిలబడి, గొడ్డలి పట్టుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచింది. తెల్లారేసరికి ఆ కబురు నాలుగూళ్లు పాకింది. "కేసులకి ఆగనోళ్లు కేకకి ఆగారే" అని పడీపడీ నవ్వేది ముసల్ది.

తర్వాత ఓ పెద్ద తుపాను వచ్చింది. మడ ఉన్న వైపు ఇళ్లు నిలబడ్డాయి, లేని వైపు పునాదులు మిగిలాయి. దాంతో పాలెం వాళ్లందరికీ బుద్ధొచ్చింది. బురదలో మోకాళ్ల లోతున దిగి పాయ పొడుగునా మడ మొక్కలు నాటారు. కాపలా కూడా తామే పెట్టుకున్నారు. ఇరవై ఆరు ఇళ్లు, ఇంటికో రాత్రి.

వంతు ఎవరిదో చెప్పడానికి ఓ కర్ర ఉంది. దాని తలకి గజ్జె కట్టారు. రాత్రంతా రేవులో కాపలా కాసినవాళ్లు తెల్లవారుజామున ఆ కర్రని పక్కింటి గుమ్మానికి ఆనించి పోవాలి. గుమ్మంలో కర్ర ఉంటే ఆ రాత్రి వంతు ఆ ఇంటిది. పదేళ్లలో సంపూర్ణమ్మ ఒక్క వంతు తప్పలేదు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వెళ్లేది.

ఆవిడ పోయి మూడు వారాలైంది. కూతురు పెద్దకర్మ చేసి, ఇంటికి తాళం వేసి తుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి పాలెంలో పాపాయి అనే ఇల్లాలికి నిద్ర పట్టలేదు. మొగుడు చేపల వేటకెళ్లాడు. ముందు రోజు రాత్రి వంతు తనదే, ఒళ్లు హూనమై ఉంది. అయినా కన్ను మూతపడదు. ఏదో మర్చిపోయాను… ఏంటది? పొయ్యి ఆర్పింది. కోళ్ల గంప మూసింది. ఇటు దొర్లింది, అటు దొర్లింది.

గుర్తొచ్చి దిగ్గున లేచి కూర్చుంది.

కర్ర.

పొద్దున్న నిద్రమత్తులో, పదేళ్ల అలవాటు కొద్దీ, పక్కింటి గుమ్మానికే ఆనించి వచ్చింది. పక్కిల్లు తను అత్తా అని పిలిచే సంపూర్ణమ్మది. తాళం వేసిన ఇల్లు. అంటే ఈ రాత్రి రేవులో ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడే, రేవు వైపు నుంచి — మిషను చప్పుడు.

రొయ్యల చెరువుల ఆసామి ఒకడు నెల రోజులుగా పాయ చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్క రాత్రి సందు దొరికి పాయ మొగ మట్టితో పూడ్చేస్తే చాలు, పోటు లోపలికి ఎక్కదు. మొక్కలు నిలువునా ఎండిపోతాయి. ఎండిన నేలని చెరువు చేసుకోవడం ఎంతసేపు? పదేళ్ల కష్టం తన మతిమరుపుతో మట్టిపాలు.

లాంతరు పట్టుకుని బయటికి ఉరికింది. ముందు సంపూర్ణమ్మ గుమ్మం చూసింది.

కర్ర లేదు.

అమ్మయ్య, ఆ అవతలింటి సత్యకుమారి చూసి తీసుకెళ్లిందేమో… పోయి తలుపు తట్టింది. సత్యకుమారి కళ్లు నులుముకుంటూ వచ్చింది. "నా గుమ్మంలోకి కర్రే రాలేదు కదా వదినా" అంది. సంగతి చెప్పి, నలుగురినీ లేపుకు రమ్మని, పాపాయి ఒక్కతే రేవు దారి పట్టింది.

రెండు పక్కలా మడ. కాలి కింద బురద. లాంతరు వెలుగు రెండడుగులు దాటడం లేదు. నీళ్లలో ఏదో దబుక్కుమంది. చేప కోసం దూకిన బావురుపిల్లి అయ్యుంటుంది అనుకుని ముందుకి నడిచింది.

అంతలో మిషను చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో… ఘల్లుమని ఒక్కసారి గజ్జె మోగింది. అంతే, మళ్లీ లేదు.

రేవు కనిపించింది. మట్టి తవ్వే ప్రొక్లెయినరు దీపాలు వెలుగుతున్నాయి. దాని చెయ్యి మట్టితో సహా గాల్లో నిలిచిపోయింది. సీట్లో ఎవరూ లేరు.

"పాపాయి గారూ…"

పాపాయి ఉన్నచోటే ఆగిపోయింది. పలకలేదు.

"పాపాయి గారూ…"

మగ గొంతు. ఎరగని గొంతు. చీరచెంగు నోట్లో కుక్కుకుంది. పారిపోదామంటే అడుగు పడదు. మూడోసారి పిలవకపోతే… పిలవకపోతే ఎలా?

"పాపాయి గారూ, మీరేనాండి?"

ఊపిరి వదిలింది. మిషను పక్కన ఓ కుర్రాడు మోకాళ్లు కావలించుకుని గజగజలాడుతూ కూర్చున్నాడు. పేరు ప్రవీణ్ అట, మిషను డ్రైవరు. పొద్దున్నే జంగారెడ్డిగూడెం నుంచి వచ్చాడు. చెరువు గట్టు పని అని చెప్పి తెచ్చారట. పది తొట్ల మట్టి పోశాడో లేదో, ఎదర దీపాల వెలుగులో నీళ్ల మీద…

"నీళ్ల మీద ఏంటి?"

"పెద్దావిడండి. చేతిలో కర్ర. తడవలేదండి చీర."

"యానాం మందేమైనా వేశావా?"

"మా అమ్మ మీద ఒట్టండి, ఇవాళ ముట్టలేదు." వాడు నీళ్ల వైపు చెయ్యి చూపించాడు. "మిషను ఆపి దిగమన్నారు. దిగాను. పాపాయి వస్తోంది, ఆవిడ వచ్చేదాకా కదలకు, మూడుసార్లు పిలిస్తే గాని పలకదు అన్నారండి."

పాపాయికి ఏడుపు తన్నుకొచ్చింది. "నేనే మర్చిపోయానత్తా" అంది చీకట్లోకి చూసి.

జనం లాంతర్లతో వచ్చారు. పోసిన పది తొట్ల మట్టినీ ప్రవీణ్ చేతే తోడించారు. తెల్లారేలోపు పోటు మొదలై, నీళ్లు గలగలా మొక్కల్లోకి ఎక్కాయి. అది చూశాకే పాపాయి ఇంటిదారి పట్టింది.

సంపూర్ణమ్మ ఇంటి తాళం వేసింది వేసినట్టే ఉంది. ఆ పక్కన, ముందే తిరిగొచ్చిన సత్యకుమారి తన గుమ్మం ముందు కొయ్యబారి నిలబడి ఉంది. గుమ్మానికి వంతు కర్ర ఆనించి ఉంది. కింది చివర జానెడు మేర పచ్చి బురద.

డ్రైవరు కుర్రాడికి ఎవరో పేర్లు చెప్పి ఉంటారని, కర్ర ఎవరో తెచ్చి పెట్టి ఉంటారని పాలెంలో వాదించినవాళ్లు లేకపోలేదు. ఆ ఎవరో ఎవరంటే మాత్రం చెప్పరు.

ఇరవై ఆరు వంతుల్లో ఒకటి తీసేద్దామని ఎవరూ అనలేదు. ఇప్పటికీ తన వంతు కాగానే పాపాయి ఆ తాళం వేసిన గుమ్మం ఊడ్చి, కర్ర అక్కడే ఆనించి వస్తుంది.

ఆ రాత్రి రేవుకి ఎవరూ వెళ్లరు.

పొద్దున్నే చూస్తే కర్ర సత్యకుమారి గుమ్మంలో ఉంటుంది. దాని చివర బురద ఇంకా తడిగానే ఉంటుందట.