చూడని ఇంటి రిపోర్ట్

"టార్గెట్ సుగ్రా బేగం. వయసు పద్నాలుగు. పాస్‌పోర్ట్‌లో ఇరవై రెండు." ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా ఉంది. "మధ్యాహ్నం అసర్ నమాజు కాగానే ఇబ్రి ఊరి ముసలాయనతో నిఖా. గల్ఫ్ ముసలాళ్లకు మన ఆడపిల్లల్ని కట్టబెట్టే ఈ ఆచారాన్ని ఆపాలని మన ప్రభుత్వం పట్టుదలగా ఉంది. వెనక విదేశీ ముఠా ఉంది. పాస్‌పోర్ట్ దొంగదని రుజువు చెయ్యి, ఒమానీ పోలీసులు ఆపేస్తారు."

1992. మస్కట్‌లోని రూవి. ఏజెంట్ లింబాద్రి పెట్టుడు గడ్డంతో, అత్తరు వ్యాపారి వేషంలో మూడో అంతస్తు ఎక్కాడు. జేబులో కెమెరా దాచిన లైటర్. కింద జీపులో ఒమానీ ఇన్‌స్పెక్టర్.

తలుపు తీసింది ఇక్బాలున్నీసా. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి గోళ్లు. పెళ్లిళ్ల బ్రోకర్. మన ఏజెంట్లకు ఖబర్లు అమ్మేదీ ఆమే, ముఠాకు అమ్మేదీ ఆమే.

"గులాబీ అత్తరు ఉన్నదా?"

"గంధమే ఉంది."

కోడ్ కలిసింది. ఆమె ఫైలు ముందుకు తోసింది.

"ఫొటో తీస్కో సాబ్. గానీ దొంగదనకు. అసలుదే, మీ సర్కారు ఇచ్చిందే. పోలీస్ ఎంక్వయిరీ జిరాక్స్ గూడ ఉన్నది, సూడు."

'ఇంటికి వెళ్లి, మనిషిని చూసి, వయసు ఇరవై అని నిర్ధారించాను.' కింద సంతకం. లింబాద్రిదే!

రెండేళ్ల క్రితం అతనిది పాస్‌పోర్ట్ ఎంక్వయిరీ డ్యూటీ. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఒక్క పూటలో నలభై ఫైళ్లు తేల్చేవాడు. ఒక్క గడపా తొక్కలేదు. పైగా అది తెలివనుకున్నాడు. ఇప్పుడు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

లోపలి గదిలోంచి గోరింటాకు చేతులతో సుగ్రా తొంగిచూసింది.

"అంకుల్, నన్ను ఇంటికి తోల్కపోతరా?"

అతను ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.

నమాజు ముగిసింది. పెళ్లికొడుకు, ఖాజీ వచ్చి కూర్చున్నారు. ఇన్‌స్పెక్టర్ పైకొచ్చి పాస్‌పోర్ట్ తిప్పి చూసి పెదవి విరిచాడు. "జెన్యూన్. నేనేం చెయ్యలేను."

లింబాద్రి మాట్లాడకపోతే చాలు, ఉద్యోగం భద్రం. ఖాజీ రిజిస్టర్ తెరిచాడు. సుగ్రాను తెచ్చి కూర్చోబెట్టారు. ఖాజీ కలం కాగితానికి ఆనింది.

"ఆగండి!" లింబాద్రి గడ్డం పీకేశాడు. "పాస్‌పోర్ట్ అసలుదే. రిపోర్టే అబద్ధం. నేను ఆ ఇంటికి వెళ్లలేదు, ఈ పిల్లను చూడలేదు. రాసింది నేనే."

ఐడెంటిటీ కార్డు తీసి, జిరాక్స్ మీద మళ్లీ సంతకం చేశాడు. ఇన్‌స్పెక్టర్ రెండు సంతకాలూ పోల్చి చూశాడు. తర్వాత సుగ్రా వైపు చూశాడు. రిజిస్టర్ మూసేసి, పిల్లను తన వెనక నిలబెట్టుకున్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో మండిపడ్డాడు. "కవర్ పోయింది, నీ ఉద్యోగమూ పోయింది! కనీసం ముఠాలో ఒక్కడైనా దొరికాడా?"

"దొరికాడు సార్. మీతోనే మాట్లాడుతున్నాడు."