అర మెట్టు కింద

మొదటిరోజు అతను ఆమె కచేరీ రిహార్సల్‌కి ఆలస్యంగా వచ్చాడు. వాన. గొడుగు మొత్తం ఫిడేలు పెట్టెకే పట్టి, తాను నిలువునా తడిసి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీకు బుద్ధి లేదా?" అందామె.

"నేను తడిస్తే తుమ్ముతానండి. ఇది తడిస్తే ఊడిపోతుంది."

నవ్వు రాబోతే ఆపుకుని శ్రుతిపెట్టె వైపు తిరిగింది. ఆ రోజు నుంచి ఆమెకి అతను ఫిడేలు, అతనికి ఆమె మేడమ్. సాధన మధ్యలో చూపులు కలిస్తే అతను తీగలు సవరించుకునేవాడు, సవరించాల్సిన అవసరం ఏమీ లేకపోయినా.

ఆమెని పెంచిందీ, పాట నేర్పిందీ మేనత్త. ఒకప్పుడు ఆరు శ్రుతిలో పాడి పేరు తెచ్చుకున్న మనిషి. ఆడవాళ్ళలో కూడా అంత ఎత్తున పాడేవాళ్ళు తక్కువ. మేనకోడలు కూడా ఆరులోనే పాడాలని ఆమె పట్టు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పైస్థాయిలో అమ్మాయి మెడనరాలు ఉబ్బేవి. కచేరీ అయ్యాక ఓ పూట గొంతు పెగిలేది కాదు. అది చూసి ఫిడేలు దిగులు పడేవాడు. ఒకసారి చెప్పబోతే, మీ పని తీగలతో, నా గొంతుతో కాదని ఆమె కసిరింది.

అందుకే ఒక కచేరీలో, తెర లేవకముందు, ఆమె చీర సర్దుకుంటుండగా, అతను శ్రుతిపెట్టె మర అర మెట్టు కిందకి తిప్పాడు. మృదంగం పెద్దాయన కళ్ళెగరేశాడు. తర్వాత మారుమాట లేకుండా తన వాద్యాన్నీ దించుకున్నాడు.

ఆ సాయంత్రం పాడినట్టు ఆమె ఎప్పుడూ పాడలేదు. పైస్వరం మీద హాయిగా నిలబడింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. వేదిక మీద మగవాళ్ళిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ముందు వరసలో అత్తయ్య మాత్రం చేతులు కదపలేదు. శ్రుతి దిగిన సంగతి ఆమె చెవి పట్టేసింది. ఇంటికెళ్ళే దారిలో మేనకోడలికి విషయం చెప్పింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇతను అడక్కుండానే పెట్టాడు.

"జాలిపడ్డారా?" అందామె మర్నాడు, గుమ్మం దాటనివ్వకుండా. "ఆ చప్పట్లు నావి అనుకున్నాను. నన్ను నా కచేరీలోనే మోసం చేశారు."

"మీ గొంతు పోతుందని భయపడ్డాను."

"పోతే నాది పోతుంది. నన్నడగాలి కదా?"

అతను నోరు తెరిచేలోగా ఆమె తలుపు వేసేసింది.

పంతానికి మళ్ళీ ఆరుకే వెళ్ళింది. పెద్ద సభలో, ఇంకెవరో ఫిడేలు వాయిస్తుండగా, పైస్వరం మీద గొంతు చీలింది. రెండోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. తెర దించేశారు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. నెలలు గడిచాయి. సభలవాళ్ళు పిలవడం మానేశారు. కబురు విని ఫిడేలు ఆమె వీధి చివరి దాకా వచ్చేవాడు, వెనక్కి పోయేవాడు. ఏ ముఖం పెట్టుకుని తలుపు కొడతాడు?

చివరికి ఆమే వచ్చింది, అతను పిల్లలకి పాఠం చెప్పే మేడమీది గదికి. శ్రుతిపెట్టె చాప మీద పెట్టింది. గొంతు బొంగురుగా ఉంది.

"ఆరు మళ్ళీ వస్తుందా? నిజం చెప్పండి."

అబద్ధం చెప్పాలని అతనికి ఎంత ఆశగా ఉందో. "రాదు," అన్నాడు.

ఆమె తల ఊపింది. బయట చూరు నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి. "అత్తయ్య నిన్న ఏడ్చింది. ఆ అబ్బాయి నీ గొంతు విన్నాడే, నేను నా గొంతే విన్నాను అంది." తర్వాత పెట్టె అతని వైపు జరిపింది. "ఇప్పుడు దించండి. నేను అడుగుతున్నాను."

అతను మర తిప్పాడు. ఇక్కడా అని అడిగాడు. ఇంకా అంది. ఐదున్నర దాటింది, ఐదూ దాటింది. దిగుతున్నకొద్దీ అతని గుండె కూడా దిగిపోయింది. నాలుగున్నర దగ్గర ఆమె ఆగమంది. కళ్ళు మూసుకుని షడ్జం పట్టింది. పాత గొంతు కాదు. మసకగా, అంచులు అరిగిపోయి ఉంది. కానీ వణకలేదు. అతను కమాను ఎత్తడం మరిచిపోయి విన్నాడు.

"దీనికెవరు పిలుస్తారు?" అందామె కళ్ళు తుడుచుకుని. "మీరైనా ఎన్నాళ్ళు వాయిస్తారు?"

"మీరు పాడినన్నాళ్ళు."

"అదీ పోతే?"

"అప్పుడు వాయించను. మీ పక్కనే కూర్చుంటాను. నాకు మీరంటే ప్రేమ. ఆ సంగతి కూడా మిమ్మల్ని అడక్కుండానే జరిగిపోయింది."

ఆమె అతన్నే చూసింది. ఆ చూపులో కోపం కొంచెం మిగిలే ఉంది.

"అత్తయ్య కింద ఆటోలో ఉంది. మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కలేదు," అంది మెల్లగా. "వెళ్ళి అడుగు. ఈసారైనా అడిగి చెయ్యి."

అతను చెప్పులు వేసుకోకుండానే వానలోకి దిగాడు.