చెప్పకపోతే చక్కెరే

సరిహద్దు అవతల మన ఏజెంట్లు ఇద్దరు మెసేజ్ పంపిన కాసేపటికే చచ్చిపోయారు. "సంకేతాలు ఎవరూ ఛేదించలేదు. అయినా కాపీ శత్రువుకు అందుతోంది," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "సాయంత్రం అయిదుకు అక్కడి మూడో ఏజెంట్ వినయ్ తానున్న చోటు పంపుతాడు. అతన్ని ఆపే దారి లేదు. ఈలోగా లీక్ పట్టుకో."

ఏజెంట్ అబ్రహాం మూడేళ్లుగా కోదాడలో సీసీ కెమెరాల మెకానిక్ వేషంలో ఉన్నాడు. ఊళ్లో అందరి గుమ్మాలకూ కెమెరాలు బిగించాడు. పాపం, అతని గుమ్మం వైపు తొంగిచూసిన మనిషే లేడు. ఫోన్ చేసి తిన్నావా అని అడిగేది ఒక్క ప్రవళికే. మిర్యాలగూడలో ఉండి డిపార్ట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ రాస్తుంది. సూర్యాపేటలో కలుద్దామంటే, ఆ ఊళ్లో తానెప్పుడూ బస్సు దిగనేలేదంది. ఎర్రచీరలో, నల్లద్దాల్లో ఆమె దిగేసరికి బస్టాండంతా తల తిప్పింది.

ఎదురుగా ఉన్న టీకొట్టులో కూర్చుని ప్రవళిక లాప్‌టాప్‌లో డిపార్ట్‌మెంట్ వాడుతున్న ప్రోగ్రామే తెరిచింది. మెసేజ్ పంపే ఫంక్షన్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంట్లు, అంటే వివరాలు, రెండేనని చెప్పింది. మొదటిది మెసేజ్, తప్పనిసరి. రెండోది కాపీ ఎవరికన్నది, ఆప్షనల్. తొందరలో మనవాళ్లెవరూ దాన్ని ఇవ్వరు.

"ఇయ్యకపోతే ముందే రాసిపెట్టిన డిఫాల్ట్ తీసుకుంటది. డిఫాల్ట్ ఖాళీ. కాపీ ఎవ్వరికీ పోదు."

ఇంతలో కొట్టు నడిపే రేణుకమ్మ రెండు టీలు తెచ్చింది. అబ్రహాం ఒక గుక్క తాగాడు. చక్కెర! అతను వేసుకోడు. చెప్పనివాళ్లకు అక్కడ చక్కెర వేసే ఇస్తారు మరి. రేణుకమ్మ రెండో గ్లాసు ప్రవళిక ముందు పెట్టింది.

"నీది శక్కెర లేకుండనే బిడ్డా, ఎప్పటిలెక్క."

అబ్రహాం గ్లాసు కింద పెట్టాడు. ఎప్పుడూ దిగని ఊళ్లో ఎప్పటిలాంటి టీ ఏమిటి? ఎవరిని కలవడానికి వస్తోంది? లాప్‌టాప్ తనవైపు లాక్కున్నాడు. రెండో ఆర్గ్యుమెంట్ పక్కన డిఫాల్ట్ ఖాళీగా లేదు. ఒక విదేశీ అడ్రస్ ఉంది. అయిదు కావడానికి నిమిషం కూడా లేదు.

ప్రవళిక అతని చెయ్యి పట్టుకుంది. "సూడనట్టుండు. నీకు నేను తప్ప ఎవరున్నరు?"

నిజమే, ఎవరూ లేరు. ఏడుపొచ్చినంత పనైంది. అయినా డిఫాల్ట్ చెరిపేశాడు. ఇక రెండోదీ తప్పనిసరే, ఇవ్వకపోతే మెసేజ్ కదలదు.

సరిగ్గా అయిదుకు తెరమీద ఎర్రర్ పడింది: రెండో ఆర్గ్యుమెంట్ ఇవ్వలేదు. వినయ్ మెసేజ్ ఎక్కడికీ వెళ్లలేదు. వినయ్ బతికాడు. అబ్రహాం సైగ చేయగానే, చీఫ్ ముందే పంపిన మఫ్టీ పోలీసులు పక్క బెంచీ మీంచి లేచి ప్రవళికను తీసుకెళ్లారు. చీఫ్ శభాష్ అని ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత అబ్రహాం ఫోన్ మోగలేదు. వారం వారం కోదాడ నుంచి బస్సెక్కి వచ్చి అదే బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఏమీ చెప్పడు. రేణుకమ్మ తనంతట తానే తెలుసుకుంటుందని ఆశ. ప్రతిసారీ చక్కెరే. ఒకరోజు అతను మొహం చిట్లించడం ఆమె చూసింది.

"శక్కెర వద్దా సార్? ఒక్కపారన్న సెప్పాలె గద, నాకెట్ల ఎరుక?"

మూడేళ్లలో మొదటిసారి గూఢచారి తన గురించి ఒక నిజం బయటపెట్టాడు.

"వద్దమ్మా."